చిన్న రేవుకి చేరిన రసీదు

లుసాకా, సోమవారం

ముపులుంగు చిన్న రేవు ఇన్‌చార్జి శ్రీ చిపాలో కటేబె గారికి,

నేను తకోండ్వ జెరెని. సరస్సు పడవల సంస్థ హెడ్డాఫీసులో, పెద్ద మేనేజరు ముబాంగా గారికి కొత్తగా వచ్చిన సెక్రటరీని. నేను చేరిన దగ్గర్నుంచీ మీకు చాలా మెయిళ్ళు పంపాను. మెయిలు తెరవగానే "చదివినట్టు రసీదు పంపాలా?" అని మీ కంప్యూటరు అడుగుతుంది. కింద యస్, నో అని రెండు గళ్ళుంటాయి. యస్ నొక్కితే మీరు చదివారని నాకు తెలుస్తుంది. సరస్సు మీద ఉన్న అన్ని రేవులూ నొక్కుతున్నాయి. మీ దగ్గర్నుంచి మాత్రం ఒక్క రసీదూ లేదు. నా మెయిళ్ళు మీకు చేరుతున్నాయో, దారిలో చేపలు తినేస్తున్నాయో తెలియడం లేదు.

ముఖ్యంగా చిన్న రేవు మూసివేత ఉత్తర్వు. చెక్కలు పుచ్చిపోయాయి కాబట్టి వచ్చే నెల నుంచి ఆ రేవు మూసేసి, పడవల్ని కొండ అవతలి పెద్ద రేవుకి పంపాలని ముబాంగా గారి నిర్ణయం. మీ రసీదు వస్తేగానీ ఉత్తర్వు మీకు అందినట్టు ఫైల్లో రాయడానికి వీల్లేదు. దయచేసి ఈ మెయిలుకైనా యస్ నొక్కగలరు.

ఇట్లు,
తకోండ్వ జెరె

తా.క. యస్ ఎడమ వైపున ఉంటుంది.


ముపులుంగు, గురువారం

లుసాకాలో ఫ్యాను కింద కూర్చున్న తకోండ్వ జెరె అమ్మాయికి, రేవు గట్టు మీంచి చిపాలో కటేబె పలకరించి రాస్తున్న సంగతులు.

బావున్నావా? అమ్మ బావుందా? నాన్న బావున్నాడా? అక్కడ వానలు పడ్డాయా? మొక్కజొన్న ఎంత ఎత్తు లేచింది? ఇవన్నీ ముందు నువ్వు అడగాలి. అడగలేదు. వచ్చీ రాగానే రసీదేదీ అని గుమ్మంలో నిలబడ్డావు. మా దగ్గర పోలీసులు కూడా ముందు పలకరించి, ఆ తరవాత పట్టుకుపోతారు.

సంతకం చూశాక నా కోపం దిగిపోయింది. జెరె అంటే ఎన్‌గోనీ తెగ పిల్లవన్న మాట! మీ తాతలూ మా బెంబా తాతలూ ఒకప్పుడు కొట్టుకు చచ్చినవాళ్ళు. అందుకే ఇప్పుడు మనది వేళాకోళం వరస. నిన్ను నేనేమన్నా నువ్వు నవ్వి ఊరుకోవాలి, ఎలకల్ని వేయించుకు తినే పిల్లా!

ఇక అసలు సంగతి. నీ మెయిళ్ళన్నీ చదివాను. అన్నిటికీ నో నొక్కాను. ఎందుకంటావా? మా ఇళ్ళల్లో పిల్లనడగడానికి మధ్యవర్తి వస్తాడు చూడు, ఒక ప్లేటులో చిన్న కానుక పెట్టి, పైన ఇంకో ప్లేటు మూసి తెస్తాడు. ప్లేటు ఉంచుకుంటే ఒప్పుకున్నట్టు. తిప్పి పంపిస్తే కాదన్నట్టు. ప్లేటూ ఉంచుకుని, "అబ్బే, చూశానంతే" అన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. నీ ఉత్తర్వుకి రసీదు పంపితే నా రేవుని నా చేత్తో మూసినట్టే కదా!

ఈ రేవు మీద చేపల బుట్టలు దించుకునే ఆడవాళ్ళున్నారు. వాళ్ళకి పెద్ద బనా చోలా, అంటే చోలా తల్లి. ఆవిడకి ఒక మోకాలు వంగదు. తడి కపెంటా చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఆ కాలితో కొండెక్కి దిగాలట. ముబాంగా గారు ఒక్కసారి ఎక్కి చూపిస్తే నేనూ యస్ నొక్కుతాను.

మీ ఇంటిల్లిపాదినీ అడిగానని చెప్పు.
చిపాలో కటేబె

తా.క. యస్ ఎడమ వైపున ఉంటుందని నాకు తెలుసు. నో ఎక్కడుందో వెతుక్కుని మరీ నొక్కాను.


లుసాకా, శుక్రవారం

కోతికూర తిని పెరిగిన కటేబె తాతగారికి,

మీరు బావున్నారా? ఇంట్లో అంతా బావున్నారా? సరస్సు బావుందా? సరస్సులో చేపలన్నీ పేరుపేరునా బావున్నాయా? ఇప్పుడు సరిపోయిందా?

మీ మెయిలు చదివి ఆఫీసులో ఒక్కదాన్నే పకపకా నవ్వాను. పక్క గదివాళ్ళు వచ్చి "ఏమైంది, ఒంట్లో బాలేదా" అని అడిగారు. తాతగారూ, రసీదు వేరు, ప్లేటు వేరు. రసీదు అంటే మెయిలు మీ కంట పడింది అని, అంతే. ఒప్పుకున్నట్టు కాదు. బస్సులో ఎవరో మిమ్మల్ని పిలిచారనుకోండి, మీరు వెనక్కి తిరిగి చూస్తారు. చూసినంత మాత్రాన వాళ్ళ పిల్లనిచ్చి చేస్తారా?

రేవు మూయొద్దని మీకుంటే ముబాంగా గారి పేర తిన్నగా అర్జీ పంపండి. ఆయన మెయిళ్ళు ముందు తెరిచేది నేనే. బనా చోలా మోకాలి సంగతి కూడా రాయండి. నాకు రాసినట్టే రాయండి, బావుంది.

ఉంటాను,
ఎలకల్ని ఉప్పేసి ఎండబెట్టి తినే తకోండ్వ
(వేయించుకు తినం. ముందు వంటలు తెలుసుకుని వెక్కిరించండి.)

తా.క. మన మెయిళ్ళన్నీ ఫైలుకెక్కుతాయి. కోతికూర మాట ముబాంగా గారు కూడా చదువుతారు. ఆయనా బెంబాయే. నా ఉద్యోగం పోతే నన్ను మీరే పోషించాలి.


ముపులుంగు, సోమవారం

వంటలు నేర్పుతున్న తకోండ్వకి, కటేబె రాస్తున్నది.

నన్ను తాతంటావా? నా పళ్ళన్నీ నోట్లోనే ఉన్నాయి. అయినా ఆ పిలుపు బానే ఉంది, ఉండనీ.

నువ్వు చెప్పినట్టే అర్జీ పంపాను. హార్బర్ వాళ్ళ వరండాలో ఉన్న కంప్యూటరు ముందు నిలబడి పంపాను, సిగ్నలు దొరికేది అక్కడే. పుచ్చిన చెక్కలు మేమే మార్చుకుంటాం, సంస్థ ఏమీ ఇవ్వక్కర్లేదు, రేవు తెరిచి ఉంచుతామని మాటిస్తే చాలు అని రాశాను. మోకాలి సంగతి రాశాను. పోయినేడు వానల్లో కొండదారి మీద ఒకావిడ బుట్టతో సహా జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్న సంగతీ రాశాను.

ఇంకో పని కూడా చేశాను. నువ్వు నన్ను అడిగినట్టే నేనూ రసీదు అడిగాను! ఆ గడి ఎక్కడుందో నాకు నేనే కనిపెట్టాను. ఇన్నాళ్ళూ మీరు ప్లేట్లు పంపారు, నేను తిప్పికొట్టాను. ఇప్పుడు నేను పంపాను. చూద్దాం హెడ్డాఫీసు ఏం చేస్తుందో.

కటేబె

తా.క. బస్సులో వెనక్కి తిరిగి చూడటం గురించి రాశావు. మా ఆవిణ్ణి నేను మొదట చూసింది అలాగే. కాబట్టి ఆ ఉదాహరణ నీకు పనికిరాదు.


ముపులుంగు, అదే సోమవారం

తకోండ్వా! వచ్చేసింది!

వరండా మెట్లు దిగానో లేదో హార్బర్ గుమాస్తా వెనక్కి పిలిచాడు. ముబాంగా గారి దగ్గర్నుంచి రసీదు! ప్లేటు ఉంచుకున్నారు! ఆ కాగితం అచ్చు తీయించి రేవుకి పరిగెత్తాను. ఈ వయసులో నేను పరిగెత్తడం చూసి ఎవరో మునిగిపోయారనుకుని పడవలవాళ్ళు కూడా పరిగెత్తారు. బనా చోలా కాగితం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, నేల మీద కూచుని ఏడ్చింది. రేపు పొద్దున్నే పని మొదలు.

అమ్మాయ్, మీ ముబాంగా మంచివాడు. నేనే పొరపాటు పడ్డాను.

కటేబె

తా.క. ఈ సంతోషంలో మీ అమ్మని అడగడం మర్చిపోయాను. బావుందా?


లుసాకా, మంగళవారం

కటేబె గారికి,

అయ్యో, ఆపండి! పని వెంటనే ఆపించండి. అది ఒప్పుకున్నట్టు కాదు, రసీదు మాత్రమే అని మీకు రాశానా లేదా? ముబాంగా గారు మీ అర్జీ ఇంకా చూడనే లేదు. ఆయన ఊళ్ళో లేరు. ఆయన కంప్యూటరు ఏ మెయిలు తెరిచినా తనంతట తనే రసీదు పంపేస్తున్నట్టుంది. అందులో మనిషి ప్రమేయం ఏమీ లేదని గమనించగలరు.

మూసివేత ఉత్తర్వు అలాగే ఉంది. పై విషయం మీ కింద వాళ్ళకి కూడా తెలియజేయగలరు.

ఇట్లు,
తకోండ్వ జెరె

తా.క. చెక్కలు ఇంకా కొయ్యలేదు కదా? కొయ్యలేదని రాయండి తాతగారూ.


ముపులుంగు, బుధవారం

తకోండ్వ అమ్మాయికి,

కొయ్యలేదు. కొయ్యక్కర్లేకుండానే చెక్కలు దొరికాయి. బనా చోలా మొగుడు పోయాక ఆయన పడవ ఒడ్డున బోర్లించి ఉంది. ఎన్నేళ్ళనుంచో ఎవరు అడిగినా అమ్మలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. రసీదు వచ్చిన సాయంత్రం తనే సుత్తి తెచ్చి, "విప్పండి, దీని మీద మళ్ళీ మనుషులు నడుస్తారు" అంది. మంచి గట్టి ముక్వా కర్ర. విప్పేశారు. ఇప్పుడు నీ మెయిలు తీసుకెళ్ళి ఆవిడకి ఏమని చెప్పను? పడవ మళ్ళీ కట్టుకో, కంప్యూటరు నిద్రలో చెయ్యి చాపిందట అని చెప్పనా? చెప్పలేదు.

సగం రేవు అయిపోయింది. శనివారం తెరుస్తున్నారు. ఊరి పెద్దని పిలిచారు, ఒక మేకని చూసిపెట్టారు, జొన్నసారా కుండలు పులుస్తున్నాయి. పాటలు కట్టుకుంటున్నారు. ఒక పాటలో ముబాంగా గారి పేరుంది. అందులో ఆయన సింహం.

నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి. నీ కాళ్ళు పట్టుకుంటానుగానీ నువ్వు ఎన్‌గోనీ పిల్లవి, ఆ తరవాత మా వాళ్ళకి మొహం చూపించలేను.

కటేబె

తా.క. నీ మెయిలుకి మాత్రం నో నొక్కాను. అంటే అది నాకు చేరనట్టే.


లుసాకా, గురువారం

కటేబె తాతగారికి,

ముబాంగా గారు ఊరి నుంచి వచ్చారు. ఫైలు చూశారు. మొహం ఎర్రగా చేసుకుని "నా పేర రసీదు ఎవడు పంపాడు?" అని ఒంటికాలి మీద లేచారు. కంప్యూటరండీ అన్నాను. టెక్నీషియన్ని పిలిపిస్తానన్నారు. ఆ తరవాత మీ కోతికూర దాకా మొత్తం చదివారు. నవ్వలేదు.

శనివారం ఆయనే ముపులుంగు వస్తున్నారు. రేవుకి తన చేత్తో తాళం వేసి, మీకు సంజాయిషీ నోటీసు తన చేత్తో ఇస్తారట. "రసీదు మీద అక్కడే, నా ఎదురుగా వాడిచేత సంతకం పెట్టించుకుంటా" అన్నారు. నేను ఎంత చెప్పినా గోడకి చెప్పుకున్నట్టే ఉంది.

నాకు భయంగా ఉంది తాతగారూ. నా కోసం కాదు. ఆ పడవ గురించి చదివినప్పట్నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

తకోండ్వ

తా.క. పాటలో సింహాన్ని అలాగే ఉంచండి. ఏమో, పనికిరావచ్చు.


ముపులుంగు, ఆదివారం

నా తల్లి తకోండ్వకి, నీ తాత కటేబె కుదురుగా కూచుని రాస్తున్నది. నువ్వూ కుదురుగా కూచుని చదువు.

ముబాంగా గారు వచ్చారు. చేతిలో తాళం, చంకలో నోటీసు. కారు దిగగానే ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ కేకలు పెట్టారు, సింహం పాట ఎత్తుకున్నారు. ఆయన వద్దు వద్దంటున్నా కుర్చీలో కూచోబెట్టి చేతులు కడిగించారు. ముందు మొక్కజొన్న ఉబ్వాలి ముద్ద, చేప. తిన్నాక మాటలు. కడుపు నిండిన మనిషి తాళం ఎక్కడ పెట్టాడో మర్చిపోయి కాసేపు వెతుక్కున్నాడు. దొరికింది. లేచి నిలబడ్డాడు.

"ఈ పని చెయ్యమని మీకెవరు చెప్పారు?" అన్నారు.

నేను కాగితం చూపించాను. "మీరే ప్లేటు ఉంచుకున్నారు కదండీ."

"నేను ఉంచుకోలేదయ్యా! నేను ఊళ్ళోనే లేను. అది కంప్యూటరు చేసింది."

అప్పుడు బనా చోలా కుంటుకుంటూ ముందుకొచ్చింది.

"మిమ్మల్ని ఒక్క మాట అడగనా? మీ పెళ్ళికి మీ వాళ్ళ ప్లేటు ఎవరు తీసుకున్నారు?"

"మా ఆవిడ పిన్ని. ఎందుకు?"

"మామగారు తీసుకోలేదా?"

"ఆయన ఊళ్ళో లేరు."

అనేసి ముబాంగా గారు నాలిక కరుచుకున్నారు. జనం అప్పటికే నవ్వడం మొదలెట్టారు.

"ఊళ్ళో లేని మామగారు తిరిగొచ్చి, 'నేను తీసుకోలేదు, మా మరదలు చెయ్యి చాపింది, పిల్లనివ్వను' అన్నాడా?"

"అనలేదు."

"అని ఉంటే ఇప్పుడు మీకు పిల్లలుండేవాళ్ళా?"

అంతే, గొల్లుమన్నారు. నేను ఆయన మొహం వైపు చూడలేక కాళ్ళ వైపు చూశాను. ఆ కాళ్ళు నడుచుకుంటూ రేవు మీదకి వెళ్ళాయి. చివరిదాకా వెళ్ళాయి. అక్కడ ఆగి చెక్కల మీద ఎగిరెగిరి చూశాయి. అంత లావు మనిషి ఎగిరితే ఒక్క చెక్క కదల్లేదు.

తిరిగొచ్చి నాతో అన్నారు. "కటేబె, చెక్కలు పుచ్చాయని మూసెయ్యమన్నాను. ఇవి పుచ్చలేదు. కాబట్టి నా ఉత్తర్వు ఈ రేవు గురించి కాదు." నోటీసు నిలువునా మడిచి జేబులో పెట్టుకున్నారు. తాళం బనా చోలాకిచ్చి, చేపల గదికి వేసుకోమన్నారు. ఆవిడ ఆయన చెయ్యి వదల్లేదు. ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నారు, పొగ అన్నారు. పొయ్యి ఆరిపోయి చాలాసేపైంది.

ఒక్క సంగతి నన్ను కలవరపెడుతోంది. కారెక్కుతూ, "ఇంట్లో ఏ చెయ్యి తీసుకున్నా ఇల్లు తీసుకున్నట్టే అంటారు. మరి నా ఇంట్లో ఆ చెయ్యి ఏదో చూడాలి" అన్నారు. ఆ కంప్యూటరుని ఏం చేస్తారో ఏమో. అది చేసింది మంచి పని. దాని తరఫున ఒక మాట చెప్పు తల్లీ. మా రేవంతా దానికి రుణపడి ఉంది.

కటేబె తాత

తా.క. బనా చోలా ఆ కంప్యూటరుకి ఎండు చేపలు పంపుతానంటోంది. అది తినదని చెప్పాను. "ప్లేటు ఉంచుకోవడం తెలిసినది, తినడం తెలియదా?" అంటోంది. బస్సులో వస్తున్నాయి. తీసుకో.


లుసాకా, శుక్రవారం

కటేబె తాతకి, మీ తకోండ్వ మనసు నిండా నమస్కరించి రాస్తున్నది.

ఇది మెయిల్లో రాయడం లేదు. కాగితం మీద రాసి, చేపలు తెచ్చిన బస్సు డ్రైవరు చేతికే ఇస్తున్నాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

మీ ఉత్తరం చదివి ఏడ్చాను, నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. చేపలు అందాయి. నేనే తిన్నాను. ఎందుకంటే అవి చేరాల్సిన చోటికే చేరాయి.

తాతా, ముబాంగా గారి కంప్యూటరు తనంతట తను రసీదులు పంపదు. దానికి ఆ తెలివి లేదు. మీ అర్జీ తెరవగానే అది నన్నూ అడిగింది, మిమ్మల్ని అడిగినట్టే. రసీదు పంపాలా? యస్, నో. పెద్ద మేనేజరు పేర రసీదులు పంపకూడదని మాకు కచ్చితమైన రూలు. నో మీద వేలు పెట్టాను. పెట్టి, బనా చోలా కొండెక్కడం గురించి ఇంకోసారి చదివాను. రసీదంటే ఏమీ కాదని ఈ ఆఫీసులో అందరికీ తెలుసు. కానీ అది ముపులుంగు చేరితే ఏమవుతుందో తెలిసింది నా ఒక్కదానికే. మీరే చెప్పారుగా.

యస్ నొక్కాను.

ఆపండి ఆపండి అని రాసిన మెయిలు ఫైలు కోసం. అది కూడా మొత్తం అబద్ధం కాదు. పడవ విప్పారని తెలిశాక నిజంగానే భయపడ్డాను.

మీ అందరినీ పేరుపేరునా అడిగానని చెప్పండి. బనా చోలాకి మాత్రం కంప్యూటరు అడిగిందని చెప్పండి.

మీ తకోండ్వ

తా.క. టెక్నీషియను నిన్న వచ్చి, తలుపేసుకుని ముబాంగా గారితో చాలాసేపు మాట్లాడి వెళ్ళాడు. ఇవాళ పొద్దున ఆయన దగ్గర్నుంచి నాకో మెయిలు. "మిస్ జెరె, ఆ కంప్యూటరు గురించి టెక్నీషియను అంతా చెప్పాడు. తప్పు దానిదే అని ఫైల్లో రాసెయ్యి. ఇక ముందు ఏదైనా రేవు మూయాలని నాకు అనిపించినప్పుడు, ముందు దాన్ని ఒక మాట అడుగుతాను." కింద, చదివినట్టు రసీదు పంపాలా అని ఉంది.